ఇంగ్లిష్‌లో సర్‌నేమ్: గుర్తుపట్టడం, పిలవడం, రాయడం, మన ఇంటిపేరును అందులో కుదర్చడం

"ఫారంలో సర్‌నేమ్ అని ఉంది, ఇంటిపేరు రాయాలా, చివర ఉన్న రెడ్డి రాయాలా?" "ప్రొఫెసర్‌కు డియర్ సర్ జాన్ అని మెయిల్ పెట్టాను, తప్పా?" "మా ఆయన సర్‌నేమ్ ఒకటి, నాది ఒకటి, పాపది ఇంకొకటి, ఎయిర్‌పోర్టులో ఆపుతారా?" ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి. మన ఇంటిపేరు చాలావరకు నోరు విప్పదు. శుభలేఖ మీద వేస్తాం, సంబంధాలు మాట్లాడేటప్పుడు అడుగుతాం, మిగతా రోజుల్లో అది ఒక్క అక్షరం ఇనిషియల్‌గా ముడుచుకుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో సర్‌నేమ్ అలా ఉండదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు మిమ్మల్ని పిలిచేది దానితో, మీ ఫైలు వెతికేది దానితో, పేపర్లో మీ గురించి రెండోసారి రాసేదీ దానితోనే. కాబట్టి "నన్ను ఏ పేరుతో వెతకాలి?" అన్న ప్రశ్నకు జవాబే సర్‌నేమ్ అనుకుని చూడండి, చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

నేను విదేశం వచ్చిన కొత్తలో ఒక క్లినిక్‌లో కూర్చుని ఉన్నాను. నర్సు తలుపు దగ్గర నిలబడి ఏదో పేరు పిలిచింది, ఎవరూ లేవలేదు, మళ్లీ పిలిచింది, నేను ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. ఆమె పిలుస్తున్నది మా ఇంటిపేరని మూడోసారికి గానీ తట్టలేదు, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

1. ముందుగా కాగితాలు బల్ల మీద పెట్టుకోండి

పేరు గురించి ఏ నిర్ణయమైనా జ్ఞాపకం మీద ఆధారపడి చేయకండి. కాగితాలు తీసి, ఒక్కోదాని మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో ఒక తెల్లకాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకోండి.

• పాస్‌పోర్టు (సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి విడివిడిగా)
• టెన్త్ మెమో, డిగ్రీ పట్టా
• ఆధార్, పాన్
• పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్
• పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్

టెన్త్ మెమోలో "కొల్లిపర వెంకట రమేష్" అని ఒకే వరుసలో ఉంటుంది, అందులో ఏది ఇంటిపేరో చెప్పే గడులు ఉండవు. ఆధార్‌లోనూ పేరుకు ఒక్కటే గడి. పాన్ దరఖాస్తులో లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్ అని మూడు గడులు ఉంటాయి. అసలు తంటా ఇక్కడే మొదలవుతుంది. ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి తొందరలో విడగొట్టిన పేరే మనకు జీవితాంతం అంటుకుంటుంది.

2. మాటలు తేల్చుకోండి

సర్‌నేమ్, లాస్ట్ నేమ్, ఫ్యామిలీ నేమ్ మూడూ ఒకటే. బ్రిటన్‌లో సర్‌నేమ్ అనే మాట ఎక్కువ వినిపిస్తుంది, అమెరికాలో లాస్ట్ నేమ్. ఫస్ట్ నేమ్, ఫోర్‌నేమ్ అంటే పెట్టిన పేరు. గివెన్ నేమ్స్ అని బహువచనంలో ఉంటే పెట్టిన పేర్లన్నీ, అంటే ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్ కలిపి. మెయిడెన్ నేమ్ అంటే పెళ్లికి ముందున్న ఇంటిపేరు. స్పెల్లింగ్‌లో ఎస్-యు-ఆర్ అని రాయాలి, "సర్" అని పిలిచే మాట స్పెల్లింగ్ కాదు, ఇది చాలా మంది రెజ్యుమేల్లో చూశాను.

మనవాళ్లను ఎక్కువగా ముంచేది "లాస్ట్" అన్న మాట. ఇంగ్లిష్ పేర్లలో కుటుంబం పేరు చివర వస్తుంది కాబట్టి దాన్ని అలా అన్నారు. మనం ఇంటిపేరు మొదట రాస్తాం. "కొల్లిపర వెంకట రమేష్" అనే మనిషి ఫారంలో లాస్ట్ నేమ్ చూసి, తన పేరులో చివర ఉన్న "రమేష్" రాసేస్తాడు. ఇక ఆఫీసులో "మిస్టర్ రమేష్", కంప్యూటర్‌లో "ఫస్ట్ నేమ్: కొల్లిపర". ఫారంలో లాస్ట్ నేమ్ అని కనబడితే మనసులో "ఫ్యామిలీ నేమ్" అని చదువుకోండి, ఆ తర్వాత రాయండి.

3. ఇంగ్లిష్ పేరు చూసి సర్‌నేమ్ ఏదో పట్టుకోవడం

ఇదే వరుసలో చూడండి. పై మెట్టులో దొరికితే కింది మెట్టుకు వెళ్లనక్కర్లేదు.

మొదట కామా ఉందా చూడండి. "బ్రౌన్, ఎమిలీ" అని ఉంటే కామాకు ముందున్నది సర్‌నేమ్. మనకు "గురజాడ అప్పారావు" అని కామా లేకుండానే ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లిష్‌లో అలా తిప్పి రాస్తే కామా తప్పనిసరి. కామా మరిచిపోతే మీ ఇంటిపేరే మీ ఫస్ట్ నేమ్ అయిపోతుంది.

తర్వాత చివరి తోకలు తీసేయండి. జూనియర్, సీనియర్, రోమన్ అంకెల్లో మూడు లాంటివి సర్‌నేమ్‌లో భాగం కాదు. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ను "డాక్టర్ కింగ్" అంటారు. పీహెచ్‌డీ, ఎండీ లాంటి డిగ్రీలూ అంతే.

హైఫన్ ఉంటే రెండు ముక్కలూ కలిపి ఒకటే సర్‌నేమ్. నటుడు డేనియల్ డే-లూయిస్‌ను "మిస్టర్ లూయిస్" అనకూడదు, "మిస్టర్ డే-లూయిస్" అనాలి.

హైఫన్ లేకుండా ఉండే రెండు ముక్కల సర్‌నేమ్‌లే కష్టం, వాటిని చూసి చెప్పలేం, తెలుసుకోవాల్సిందే. నటి హెలెనా బోనమ్ కార్టర్ సర్‌నేమ్ "బోనమ్ కార్టర్". సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ సర్‌నేమ్ "వాన్ విలియమ్స్". అదే హిల్లరీ రాడమ్ క్లింటన్ అన్నప్పుడు రాడమ్ ఆమె పుట్టింటి పేరు, అధికారిక ప్రస్తావనల్లో ఆమె "సెక్రటరీ క్లింటన్". రెండు పేర్లూ బయటికి ఒకేలా కనబడతాయి, లోపల అమరిక వేరు. అనుమానం ఉంటే ఆ మనిషి సొంత వెబ్ పేజీలో లేదా మెయిల్ సంతకంలో చూడండి. అక్కడా తేలకపోతే అడిగేయండి, తప్పేం లేదు.

చిన్న ముక్కలు, అంటే వాన్, డి, ఓ', మెక్ లాంటివి, సర్‌నేమ్‌లోనే ఉంటాయి. ఓ'బ్రయన్‌లో ఓ ఇనిషియల్ కాదు.

చివరగా, ఆ మనిషి ఏ దేశం మనిషో చూడండి. చైనా పేర్లలో ఇంటిపేరు మనలాగే ముందు వస్తుంది, అందుకే షీ జిన్‌పింగ్‌ను "ప్రెసిడెంట్ షీ" అంటారు. స్పానిష్ పేర్లలో తండ్రి వైపుది, తల్లి వైపుది రెండు సర్‌నేమ్‌లు ఉంటాయి. గాబ్రియేల్ గార్సియా మార్కెస్ ఆ లెక్కన "గార్సియా మార్కెస్". ఐస్‌లాండ్‌లో మనిషిని పెట్టిన పేరుతోనే పిలుస్తారు, అచ్చు ఫోన్ డైరెక్టరీ కూడా ఆ వరుసలోనే ఉండేది.

4. మనిషిని పిలిచేటప్పుడు

సూత్రం ఒక్కటే: మిస్టర్, మిసెస్, మిస్, మిజ్ (రాతలో ఎం-ఎస్), డాక్టర్, ప్రొఫెసర్ వీటి పక్కన సర్‌నేమ్ రావాలి. ఫస్ట్ నేమ్ ఒక్కటే రాకూడదు. "మిస్టర్ జాన్", "ప్రొఫెసర్ ఎమిలీ" అంటే ఇంగ్లిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం "రమేష్ సార్", "లక్ష్మి మేడమ్" అనే అలవాటులో ఉన్నాం కాబట్టి ఇది నోటికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఆడవాళ్ల విషయంలో, వాళ్లే ఫలానా అని చెప్పకపోతే మిజ్ వాడండి. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న అందులో లేదు. మిసెస్ అని మీ అంతట మీరు ఊహించకండి, పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకున్నవాళ్లు చాలా మంది, వాళ్లను "మిసెస్" అని భర్త సర్‌నేమ్‌తో పిలిస్తే నొచ్చుకుంటారు.

ఈ సూత్రానికి తిరగబడేది బ్రిటన్‌లో బిరుదుగా ఇచ్చే "సర్". అది ఫస్ట్ నేమ్ పక్కనే వస్తుంది. అలెక్స్ ఫెర్గూసన్ "సర్ అలెక్స్" అవుతారు, "సర్ ఫెర్గూసన్" ఎప్పటికీ కారు. ఆడవాళ్లకు అదే స్థాయి బిరుదు డేమ్, జూడీ డెంచ్ "డేమ్ జూడీ". అందుకే మీ ప్రొఫెసర్‌ను "సర్ జాన్" అంటే ఆయనకు రాజు బిరుదు ఇచ్చినట్టు ఉంటుంది. "ప్రొఫెసర్ బ్రౌన్" అనండి, చాలు.

బడి దగ్గర తేడాలున్నాయి. అమెరికాలో పిల్లలు టీచర్‌ను "మిజ్ జాన్సన్" లాగా సర్‌నేమ్‌తో పిలుస్తారు, చిన్న పిల్లల ప్రీస్కూళ్లలో మాత్రం "మిస్ ఎమిలీ" అని ఫస్ట్ నేమ్‌తోనూ వినబడుతుంది. బ్రిటన్ బడుల్లో పేరు లేకుండా ఉత్త "సర్", "మిస్" కూడా నడుస్తుంది. బ్రిటన్‌లో ఇంకోటి: సర్జన్లను సంప్రదాయంగా డాక్టర్ అనరు, మిస్టర్ లేదా మిస్ అంటారు. అపాయింట్‌మెంట్ లెటర్ మీద "మిస్టర్" అని చూసి ఈయన డాక్టర్ కాదేమో అని కంగారు పడకండి.

ఉత్త సర్‌నేమ్‌తో పిలవొచ్చా? ఎదురుగా ఉన్న మనిషిని "బ్రౌన్!" అని పిలవడం ఆటల టీముల్లో, సైన్యంలో, బాగా దగ్గరి స్నేహితుల మధ్య ఉంటుంది. ఆఫీసులో మీరు మొదలుపెట్టకండి, కసిరినట్టు ఉంటుంది. మనిషి గురించి రాసేటప్పుడు మాత్రం ఉత్త సర్‌నేమ్ మామూలే, అందులో అమర్యాద ఏమీ లేదు. సాహిత్య వ్యాసాల్లో మనం "గురజాడ ఇలా అన్నారు", "కందుకూరి ఆ రోజుల్లోనే చెప్పారు" అని రాయమా, అలాంటిదే. తేడా ఏమిటంటే వాళ్లు ఆ పని ప్రతి ఒక్కరికీ చేస్తారు, "గారు" లాంటిది చాలా చోట్ల తగిలించరు.

5. మెయిల్ రాసేటప్పుడు వరుస

(1) మొదటి మెయిల్‌లో డియర్, ఆ తర్వాత మిజ్ లేదా మిస్టర్ లేదా ప్రొఫెసర్, ఆ తర్వాత సర్‌నేమ్. "డియర్ ప్రొఫెసర్ బ్రౌన్".

(2) ఆడో మగో పేరును బట్టి తెలియకపోతే టైటిల్ వదిలేసి పూర్తి పేరు రాయండి: "డియర్ టేలర్ బ్రౌన్".

(3) జవాబు రాగానే కింద సంతకం చూడండి. "ఎమిలీ" అని ఒక్క ముక్కే ఉంటే ఇక ఫస్ట్ నేమ్‌తో పిలవమని అర్థం. రెండో మెయిల్ నుంచి "డియర్ ఎమిలీ".

(4) "కాల్ మీ బాబ్" అని నోటితో చెబితే వెంటనే మారిపోండి. పెద్దాయన కదా అని మనం మిస్టర్ పట్టుకుని వేలాడితే వాళ్లకు అది మర్యాదగా అనిపించదు, దూరంగా ఉంచినట్టు అనిపిస్తుంది. నాకు ఇది అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది, అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవాలంటే నాలుక తిరగలేదు.

(5) మీ సంతకంలో పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు వెనుక. ఇనిషియల్ ముందు పెట్టి "కె. రమేష్" అని సంతకం చేస్తే జవాబు "డియర్ మిస్టర్ రమేష్" అని వస్తుంది, తప్పు వాళ్లది కాదు.

బ్రిటిష్ పద్ధతిలో మిస్టర్ సంక్షిప్త రూపం తర్వాత చుక్క ఉండదు, అమెరికన్ పద్ధతిలో ఉంటుంది. ఎవరికి రాస్తున్నారో చూసి ఒకటి పట్టుకోండి.

6. "ఎ", "ద", "ఎస్" చేరితే సర్‌నేమ్ అర్థం మారుతుంది

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, కానీ దీనికి సరిపడే మాటలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి.

"ఎ మిస్టర్ బ్రౌన్ కాల్డ్" అంటే "ఎవరో బ్రౌన్ అట, ఫోన్ చేశాడు" అని. చెప్పే మనిషికి ఆ బ్రౌన్ ఎవరో తెలియదు. మీకు తెలిసిన మనిషి గురించి ఇలా "ఎ" పెట్టి చెబితే ఆయన్ని ఎరగనట్టు ఉంటుంది.

"ద బ్రౌన్స్" అంటే "బ్రౌన్ వాళ్లు". మొగుడూ పెళ్లాం కావొచ్చు, పిల్లలతో సహా కావొచ్చు. "ద బ్రౌన్స్ ఆర్ కమింగ్ టు డిన్నర్" అంటే ఎంతమందికి వండాలో అడిగి తెలుసుకోండి.

ఇక రాత. బహువచనానికి ఉత్త ఎస్ చాలు, మధ్యలో అపాస్ట్రఫీ వద్దు. ఇంటి గేటు బోర్డుల మీద, గ్రీటింగ్ కార్డుల మీద ఇంగ్లిష్ వాళ్లు కూడా ఈ తప్పు చేస్తారు, చూసి నేర్చుకోకండి.

• చివర ఎస్, జెడ్, ఎక్స్, సీహెచ్, ఎస్‌హెచ్ అక్షరాలుంటే చాలావరకు "ఇ-ఎస్" చేరుతుంది: జోన్స్ వాళ్లు జోన్సెస్, విలియమ్స్ వాళ్లు విలియమ్సెస్, బుష్ వాళ్లు బుషెస్.
• చివర వై ఉంటే అలాగే ఉంచి ఎస్ కలపండి. కెన్నెడీ వాళ్లకు వై తీసేసి "ఐ-ఇ-ఎస్" పెట్టకూడదు, అది మామూలు నామవాచకాలకు. మన రెడ్డి వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.
• "బ్రౌన్ వాళ్ల కారు" అనాలంటే ముందు బహువచనం చేసి, ఎస్ తర్వాత అపాస్ట్రఫీ.
• "బ్రౌన్‌గారి కారు" అని ఒక్క మనిషిదే అయితే బ్రౌన్ తర్వాత అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎస్.

"షీ ఈజ్ ఎ కెన్నెడీ" అంటే కెన్నెడీల ఇంటి ఆడపడుచు అని. "ఎ పికాసో" అంటే పికాసో వేసిన బొమ్మ. "హి ఈజ్ నో ఐన్‌స్టీన్" అంటే వాడేమంత మేధావి కాదని. "థాచరిజం" (బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ విధానాలు) లాంటి మాటల్లో సర్‌నేమ్ ఒక ధోరణికి పేరైపోయింది. ఇవి చదివేటప్పుడు తెలిస్తే చాలు, వాడటానికి తొందరేం లేదు.

7. వార్తల్లో మన పేర్లు చదివేటప్పుడు

ఇంగ్లిష్ వార్తలో మొదటిసారి పూర్తి పేరు, రెండోసారి నుంచి సర్‌నేమ్ ఒక్కటే, కొన్ని పత్రికలు దాని ముందు మిస్టర్ లాంటిది పెడతాయి. సత్య నాదెళ్ల రెండో పేరాలో "నాదెళ్ల" అయిపోతారు, ఇంటిపేరు కాబట్టి లెక్క సరిగ్గా కుదిరింది. పి.వి. నరసింహారావు విషయంలో కుదరలేదు. ఆయన ఇంటిపేరు పాములపర్తి, కానీ అమెరికా పత్రికల్లో ఆయన "మిస్టర్ రావు" అయ్యారు, చివర ఉన్న ముక్కను సర్‌నేమ్ అనుకున్నారు. క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ ఇంటిపేరు వంగీపురపు, ప్రపంచానికి మాత్రం స్కోరుబోర్డు మీద "లక్ష్మణ్". అంతర్జాతీయ బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు పేరు "పూసర్ల వి. సింధు" అని, పూసర్ల పెద్ద అక్షరాల్లో వస్తుంది. మన దగ్గర ఆమెను పూసర్ల అని ఎవరూ అనరు.

కాబట్టి దక్షిణాది పేరు ఉన్న ఇంగ్లిష్ వార్త చదివేటప్పుడు రెండో పేరాలో ఉన్నది ఇంటిపేరే అని నమ్మేయకండి. మీరే ఇంగ్లిష్‌లో రాస్తుంటే, ఆ మనిషిని జనం ఏ పేరుతో ఎరుగుదురో అదే వాడండి: "లక్ష్మణ్ సెడ్" సరైనదే, "వంగీపురపు సెడ్" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

8. మీ పేరును విడగొట్టుకోవడం

పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక్క వాక్యం: అందులో ఎలా విడిపోయి ఉందో, అన్ని చోట్లా అలాగే. తప్పుగా విడిపోయిందనిపిస్తే ముందు పాస్‌పోర్టు మార్చుకోండి, ఆ తర్వాతే మిగతావి. ఒక్కోచోట ఒక్కోలా సర్దుకుంటూ పోతే ఐదేళ్లకు మీరే ముగ్గురు మనుషులవుతారు.

ఇంకా పాస్‌పోర్టు తీసుకోనివాళ్లు ఇలా చేయండి.

(1) ఇనిషియల్స్ అన్నీ విప్పి పూర్తి పేరు రాయండి.

(2) ఇంటిపేరుకు గుండ్రం చుట్టండి. సర్‌నేమ్ గడిలోకి అది వెళ్తుంది, మిగిలినదంతా గివెన్ నేమ్.

(3) రావు, రెడ్డి, కుమార్, శర్మ, చౌదరి లాంటి చివరి ముక్కలు గివెన్ నేమ్‌లోనే ఉంచండి. రెడ్డి లాంటిదాన్ని సర్‌నేమ్‌గా పెట్టుకునేవాళ్లు ఉన్నారు, చెల్లుతుంది కూడా, కానీ నా సలహా ఇంటిపేరుకే. ఎందుకంటే ఒకే ఇంట్లో నాన్న పేరు చివర రావు ఉంటుంది, కొడుకు పేరు చివర కుమార్ ఉంటుంది, కూతురు పేరు చివర ఏమీ ఉండదు. ఇంటిల్లిపాదికీ ఉమ్మడిగా ఉన్నది ఇంటిపేరు ఒక్కటే.

(4) స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేయండి. నాన్న పాస్‌పోర్టులో ఎలా ఉందో చూసి అదే పెట్టుకోవడం మేలు.

(5) రెండు ముక్కల పెట్టిన పేరు ఉన్నవాళ్లు ఇక్కడ ఆగండి. "వెంకట రమేష్"లో మొదటి ముక్క వెంకట. ఇంగ్లిష్ కంప్యూటర్లకు గివెన్ నేమ్‌లో మొదటి ముక్కే ఫస్ట్ నేమ్, రెండోది మిడిల్ నేమ్, అది చాలా చోట్ల మాయమైపోతుంది. అందుకే ఒకే ఆఫీసులో నలుగురు వెంకటలు, ముగ్గురు సాయిలు, ఇద్దరు నాగలు తేలుతారు, ఇంట్లో వాళ్లెవరినీ ఆ పేరుతో పిలవరు. పాస్‌పోర్టుకు అప్లై చేయకముందైతే, సర్టిఫికెట్లు అనుమతిస్తే, రెండూ కలిపి ఒకే మాటగా పెట్టుకోవచ్చు. తర్వాతైతే ఉద్యోగంలో చేరేటప్పుడు "ప్రిఫర్డ్ నేమ్" అనే గడి ఉందా అని హెచ్‌ఆర్‌ను అడిగి అందులో "రమేష్" అని వేయించండి. మొదటి రోజే అడగండి, మెయిల్ ఐడీ తయారయ్యాక మార్చడం పెద్ద టెన్షన్.

9. ఫారం, టికెట్, వీసా

పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల కోడ్ ఉంటుంది, వరుసకు 44 గుర్తులు. పై వరుసలో పి అక్షరం, దేశం కోడ్, వెంటనే సర్‌నేమ్, ఆ తర్వాత బాణం మొనలాంటి గుర్తు రెండుసార్లు, ఆ తర్వాత గివెన్ నేమ్. పెట్టిన పేరులో ముక్కల మధ్య ఆ గుర్తు ఒక్కసారే. ఎయిర్‌పోర్టులో మెషీన్ చదివేది దీన్నే. మీ పేరు ఎక్కడ విడిపోయిందో అనుమానం ఉంటే ఆ జంట గుర్తులు ఎక్కడున్నాయో చూడండి.

విమానం టికెట్ మీద సర్‌నేమ్, ఏటవాలు గీత, ఆ వెంటనే గివెన్ నేమ్, చివర మిస్టర్ లాంటి టైటిల్ వస్తాయి. ఒక్కోసారి టైటిల్ పేరుకు అతుక్కుపోయి కనిపిస్తుంది, అది తప్పు కాదు. సర్‌నేమ్, గివెన్ నేమ్ తారుమారైతే మాత్రం ప్రయాణం రోజు దాకా ఆగకుండా వెంటనే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతోనే పెద్ద ఇబ్బంది. అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, ఫస్ట్ నేమ్ చోట "ఎఫ్ఎన్‌యు" అని పడుతుంది. ఫస్ట్ నేమ్ తెలియదు అని దాని అర్థం. అదే తర్వాత మిగతా కార్డుల మీదికీ ఎక్కి, కాఫీ షాపులో కూడా "ఫ్నూ" అని పిలిపించుకున్నవాళ్లు నాకు తెలుసు. 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు విజిట్ వీసా మీద ప్రవేశం ఆపింది, ఆ తర్వాత తండ్రి పేరు లాంటివి పాస్‌పోర్టులో ఉంటే సడలించింది. ఖాళీ గడి ఉన్నవాళ్లు ప్రయాణం పెట్టుకోకముందే పాస్‌పోర్టులో సర్‌నేమ్ చేర్పించుకోండి.

పంపే ముందు చూసుకోండి:

• సర్‌నేమ్ గడిలో పాస్‌పోర్టు సర్‌నేమ్ మాత్రమే ఉందా
• ఇనిషియల్, చుక్క, "ఎన్ఏ" లాంటివి ఎక్కడైనా దూరాయా
• గివెన్ నేమ్స్ గడిలో అన్ని ముక్కలూ ఉన్నాయా
• ఫస్ట్, మిడిల్ అని విడిగా అడిగితే పోయినసారి ఎలా విడగొట్టారో ఇప్పుడూ అలాగేనా

10. పెళ్లి, పిల్లలు

మన దగ్గర పెళ్లితో ఇంటిపేరు మారిందని నోటిమాటగా అనుకుంటాం, కాగితాల మీద చాలా మందికి పుట్టింటి పేరే ఉంటుంది. అలా ఉంచుకోవడంలో ఏ తప్పూ లేదు, ఇంగ్లిష్ దేశాల్లోనూ చాలా మంది ఉంచుకుంటారు. మార్చుకుంటే మాత్రం ఒకే ఊపులో అన్నీ మార్చుకోండి, సగం మార్చి వదలకండి. డిగ్రీ పట్టా పాత పేరు మీదే ఉంటుంది కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

విదేశంలో కాన్పు అయితే బిడ్డ సర్‌నేమ్ ఏమిటో ముందే మాట్లాడుకోండి. ఆసుపత్రిలో ఫారం చేతికిచ్చేసరికి నిద్రలేని కళ్లతో ఏదో ఒకటి రాసేసి, తర్వాత దిద్దించుకోవడానికి తిరిగిన దంపతులు ఉన్నారు. తండ్రి గివెన్ నేమ్‌ను బిడ్డకు సర్‌నేమ్‌గా రాయకండి. తండ్రి సర్‌నేమ్ గానీ తల్లి సర్‌నేమ్ గానీ, ఇద్దరిలో ఒకరి కాగితాల్లో ఉన్నది రాయండి.

పిల్లలతో సర్‌నేమ్ కలవని తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే ప్రయాణిస్తుంటే, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ నకలు, రెండోవారు సంతకం చేసిన అనుమతి లేఖ దగ్గర ఉంచుకోండి. అధికారి అడగకపోవచ్చు, అడిగితే బ్యాగు అడుగున వెతుక్కోకూడదు.

11. పొరపాటు అయిపోయిందా, ఇలా దిద్దుకోండి

*మెయిల్‌లో "మిస్టర్ జాన్" అని రాసేశారు.* క్షమాపణల మెయిల్ వద్దు. తర్వాతి మెయిల్‌లో సరిగ్గా రాయండి.

*ఆఫీసులో మీ ఇంటిపేరుతో పిలుస్తున్నారు.* "దట్స్ మై లాస్ట్ నేమ్, ప్లీజ్ కాల్ మీ రమేష్" అని నవ్వుతూ మొదటి వారంలోనే చెప్పేయండి. మొహమాటపడి ఊరుకుంటే ఆరు నెలల తర్వాత చెప్పడం ఇంకా ఇబ్బంది.

*రిసెప్షన్‌లో మీ పేరు దొరకడం లేదు.* తిప్పి వెతకమనండి: "కుడ్ యూ ట్రై రమేష్ యాజ్ ది లాస్ట్ నేమ్?" మనవాళ్ల ఫైళ్లు సగం ఇలాగే దొరుకుతాయి.

*వాళ్ల సర్‌నేమ్ ఎలా పలకాలో తెలియడం లేదు.* స్పెల్లింగ్‌ను నమ్మకండి. వోడ్‌హౌస్ అని కనిపించేది వుడ్‌హౌస్, పెపిస్ అని కనిపించేది పీప్స్, చోల్మొండెలీ అని కనిపించేది చమ్లీ. "హౌ డు యూ ప్రొనౌన్స్ యువర్ లాస్ట్ నేమ్?" అని అడగడం అక్కడ మామూలు మర్యాదే.

*ఫోన్‌లో మీ సర్‌నేమ్ ఎదుటివాళ్లకు ఎక్కడం లేదు.* పేరును మళ్లీ మళ్లీ గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు. ముందు "ఐ విల్ స్పెల్ ఇట్" అని చెప్పి, అక్షరానికో మాట చొప్పున, మధ్యలో ఆగుతూ చెప్పండి. కొల్లిపర అయితే: కె ఫర్ కిలో, ఓ ఫర్ ఆస్కార్, ఎల్ ఫర్ లిమా, మళ్లీ ఎల్ ఫర్ లిమా, ఐ ఫర్ ఇండియా, పి ఫర్ పాపా, ఎ ఫర్ ఆల్ఫా, ఆర్ ఫర్ రోమియో, ఎ ఫర్ ఆల్ఫా. మీ సర్‌నేమ్‌కు ఈ మాటలు ఒక చీటీ మీద రాసి ఫోన్ దగ్గర అంటించుకోండి, పది సార్లు చెప్పాక చీటీ అక్కర్లేదు.